నాన్న నమ్మేది, అన్నయ్య నమ్ముకున్నది

ప్రశ్న:

మా నాన్నకు 66 ఏళ్ళు. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఆమె జబ్బుతో ఉన్న ఎనిమిది నెలలూ నాన్న చెయ్యని ప్రార్థన లేదు. ఆమె పోయిన తర్వాత ఒక్కసారిగా మానేశారు. ఇప్పుడు రోజూ చీకటి పడగానే మేడ మీదికి వెళ్ళి ఆకాశం చూస్తూ కూర్చుంటారు. గ్రహాంతరవాసులు వస్తూ పోతూ ఉన్నారనీ, ప్రభుత్వాలు దాస్తున్నాయనీ, పాత గ్రంథాల్లో దేవుళ్ళన్నది కూడా వాళ్ళనేననీ అంటారు. చూసినవన్నీ నోట్‌బుక్కులో రాసుకుంటారు. ఆన్‌లైన్‌లో ఏదో బృందంలో చేరి నెలనెలా డబ్బు కడుతున్నారు. మా అన్నయ్య మహా భక్తుడు. "నాన్న దేవుణ్ణి వదిలి దయ్యాల్ని పట్టుకున్నాడు" అంటాడు. నేను దేన్నీ నమ్మను. మొన్న భోజనాల దగ్గర ఉండబట్టలేక, "కనపడని దేవుణ్ణి నువ్వు నమ్మొచ్చు, కనపడని ఏలియన్‌ని ఆయన నమ్మకూడదా? రెండూ ఒకటే" అన్నాను. అన్నయ్య లేచి వెళ్ళిపోయాడు. నాన్న కూడా నొచ్చుకున్నారు. "రెండూ ఒకటి ఎలా అవుతాయి? అంత పిలిచినా ఆయన పలకలేదు. వీళ్ళు కనీసం కనిపిస్తున్నారు" అన్నారు. అప్పట్నుంచి ముగ్గురం ముక్తసరిగా మాట్లాడుకుంటున్నాం. నేనన్నది తప్పా? రెండు నమ్మకాలకీ నిజంగా తేడా ఉందా? నాన్నతో ఎలా మాట్లాడాలి? నోట్‌బుక్కులో ఒక పేజీ ఫొటో తీసి పంపుతున్నాను.

సమాధానం:

అమ్మా,

ఉత్తరం కంటే ముందు ఆ ఫొటో చూశాను. చాలాసేపు చూశాను. స్కేలు పెట్టి గీసిన గళ్ళు. తేదీ, టైము, దిక్కు, ఎంతసేపు, ఏం కనిపించింది, సాక్షులు. మొత్తం ఏడు వరసలు. "రాత్రి 7:20. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. 4 ని. దండ గుచ్చినట్టు వరసగా దీపాలు. సగం ఆకాశం దాటాక ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి." ఇంకో వరసలో: "7:05. పడమర. గంటన్నర. ఒకటే వెలుగు. కదల్లేదు. మెల్లగా దిగిపోయింది." సాక్షుల గడిలో, మొదటి వరసలో, "నేను ఒక్కణ్ణే" అని ఉంది. కింద ఆరు గళ్ళలోనూ డిట్టో గుర్తులు. ఆ డిట్టోల దగ్గరికి మళ్ళీ వస్తాను.

మీరన్న మాటలో సగం నిజం ఉంది. అన్న చోటు మాత్రం బొత్తిగా కుదరలేదు. ఒకే దెబ్బకు రెండు పిట్టలన్నట్టు కొట్టారు. రెండు పిట్టలూ ఎగిరిపోయాయి, కంచం ముందు మీరు మిగిలారు.

నిజమున్న సగం ఏమిటంటే, కంటికి కనపడని దాన్ని ఒప్పుకోవడంలో ఇద్దరూ ఒకటే. ఆ మాటకొస్తే మీరూ అంతే. నెప్ట్యూన్ గ్రహాన్ని మీరు చూశారా? నేనూ చూడలేదు. చూసినవాళ్ళ మాట మీద, కావాలంటే ఎవరైనా చూసుకోవచ్చన్న ధీమా మీద ఉందనుకుంటున్నాం. కాబట్టి "దేన్నీ నమ్మను" అని గట్టిగా అనకండి. అందరం ఎవరో ఒకరి మాట పట్టుకునే బతుకుతున్నాం. ఎవరి మాట, దాన్ని సరిచూసే దారి ఉందా లేదా అన్నదే తేడా.

ఇక రెండో సగం. తెలుగులో మనకో సౌకర్యం ఉంది. "నమ్మడం" ఉంది, "నమ్ముకోవడం" ఉంది. "రేపు వాన పడుతుందని నమ్ముతున్నాను" అంటే అది లోకం గురించిన అంచనా. పడకపోతే అంచనా తప్పింది, అంతే. "నిన్నే నమ్ముకున్నాను" అన్నప్పుడు అంచనా వేయడం లేదు, బరువు మోపుతున్నాం. మూలన కర్ర ఉందనుకోవడం ఒకటి, ఆ కర్ర మీద ఆనుకుని నిలబడటం ఒకటి. మొదటిది తప్పైతే పోయేది మాట. రెండోది తప్పైతే పడేది మనిషి.

దేవుడి విషయంలో చాలామందిది రెండో రకం. "ఉన్నాడనడానికి రుజువేమిటి?" అని మీ అన్నయ్యను నిలదీస్తే తడుముకోవచ్చు. తడుముకున్నంత మాత్రాన రేపు పొద్దున దణ్ణం పెట్టుకోవడం మానడు. ఆ దణ్ణం రుజువు మీద నిలబడి లేదు మరి. అమ్మ మంచాన ఉన్నప్పుడు చేతులు జోడించడానికి ఒక చోటు ఉండటం, పోయాక అనడానికి కొన్ని మాటలు సిద్ధంగా ఉండటం, వాటి మీద నిలబడింది. ఎగిరే పళ్ళాల మీద నమ్మకం మామూలుగా మొదటి రకం. ఒక వస్తువు ఉంది, ఫలానా వేగంతో ఫలానా వైపు వెళ్ళింది, అది మనుషులు చేసింది కాదు. ఇది తేల్చదగిన మాట. రేపు ఎవరైనా దాని ముక్క ఒకటి తెచ్చి బల్ల మీద పెడితే తేలిపోతుంది. దేవుడి విషయం అలా బల్ల మీద తేలదు. అది భక్తుల బలమా, తప్పించుకునే దారా అంటే, నేను పొద్దున్నే దణ్ణం పెట్టుకునే మనిషినే అయినా రెండూ అంటాను.

మీ నాన్నగారి సంగతే వేరు. "అంత పిలిచినా ఆయన పలకలేదు, వీళ్ళు కనీసం కనిపిస్తున్నారు." అది ఏలియన్లు ఉన్నారని నమ్మేవాడి మాట కాదమ్మా, నమ్ముకున్నవాడి మాట. ఆనుకున్న కర్ర విరిగింది, చేతికందిన ఇంకోదాన్ని పట్టుకున్నారు. ఈ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది అదొక్కటే. గ్రహాంతరవాసులు కాదు.

ఇంట్లో ఈ వాదన మళ్ళీ వస్తుంది, వచ్చి తీరుతుంది. అప్పుడు ఒక మోసం జరక్కుండా చూడండి. ఇలాంటి వాదనల్లో ఎవరికి వాళ్ళు తమ వైపు నుంచి పెద్ద మాట తెస్తారు, ఎదుటివాడి వైపు నుంచి చిల్లర మాట ఏరతారు. "ఈ సృష్టికి మూలం ఒకటి ఉంది" అని మీ అన్నయ్య, దానికి పోటీగా "నిన్న రాత్రి మన మేడ మీదుగా నౌక వెళ్ళింది" అని నాన్నగారు. ఇది సమానమైన పోటీ కాదు. సృష్టికి మూలం అన్నదాని పక్కన పెట్టాల్సింది "ఈ విశ్వంలో ఎక్కడో ఇంకెవరో ఉన్నారు" అన్న మాట. మేడ మీది నౌక పక్కన పెట్టాల్సింది "నిన్న కలలో దేవుడొచ్చి ఈ పని చెయ్యమన్నాడు" అన్న మాట. పెద్దదానికి పెద్దది, చిన్నదానికి చిన్నది పెట్టి తూచండి. అప్పుడు ఇద్దరూ మీరనుకున్న దానికంటే దగ్గర్లో కనిపిస్తారు.

పెద్ద మాటల దగ్గర అసలు పేచీయే లేదు. ఎక్కడో ఎవరో ఉన్నారేమో అన్నది శాస్త్రవేత్తలు సిగ్గుపడకుండా వెతుకుతున్న సంగతే. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో రేడియో టెలిస్కోపును రెండు నక్షత్రాల వైపు తిప్పి, ఎవరైనా మాట్లాడుతున్నారేమోనని చెవి ఒగ్గాడు. ఏమీ వినపడలేదు. ఆ తర్వాతివాళ్ళు ఇప్పటికీ వింటూనే ఉన్నారు. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం ఒకటుందని 1995లో మొదటిసారి తేలింది. ఇవాళ లెక్కకొచ్చిన బయటి గ్రహాలు 6,000 దాటాయి. మతం దీనికి అడ్డమా అంటే కాదు. 2021లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ అమెరికాలో అడిగితే 65 శాతం మంది వేరే గ్రహాల మీద తెలివైన ప్రాణులు ఉండి ఉంటాయన్నారు. మతం తమకు చాలా ముఖ్యమన్నవాళ్ళలో కూడా సగానికి పైగా ఆ మాటే అన్నారు.

మీ అన్నయ్యది ఏ మతమో మీరు రాయలేదు. ఏదైనా ఫరవాలేదు. దేవుణ్ణి "అనంతకోటి బ్రహ్మాండ నాయకా" అని పిలిచేవాడైతే, పిలుపులోనే అన్ని బ్రహ్మాండాలు ఒప్పుకుని, ఈ ఒక్కచోట తప్ప ఎక్కడా ప్రాణి లేదనడం ఎలా కుదురుతుంది? ఖురాన్ 42వ సూరాలో దేవుడు ఆకాశాల్లోనూ భూమిలోనూ ప్రాణుల్ని విస్తరింపజేశాడని ఉంది. క్రైస్తవంలో ఈ చర్చ చాలా పాతది. దేవుడు ఒకటికి మించి లోకాల్ని సృష్టించలేడని బోధించకూడదని 1277లోనే పారిస్ బిషప్పు ఆజ్ఞ ఇచ్చాడు. అంటే దేవుడి చేతులు కట్టెయ్యకండి అని. 1600లో రోమ్‌లో జొర్దానో బ్రూనో అనే తత్వవేత్తను తగలబెట్టినప్పుడు ఆయన మీద మోపిన నేరాలు చాలా ఉన్నాయి గానీ, లోకాలు అనంతం అన్న మాట కూడా వాటిలో ఒకటి. అదే రోమ్‌లో 2008లో వాటికన్ వేధశాల డైరెక్టర్, హోసే గాబ్రియేల్ ఫూనెస్ అనే మతగురువు, గ్రహాంతర ప్రాణి ఉంటే అదీ దేవుడి సృష్టే, దాన్నీ మన సోదరుడనే అనుకోవచ్చన్నాడు. నాలుగు వందల ఏళ్ళు పట్టింది, కానీ వచ్చారు. కాబట్టి ఏలియన్లంటే దయ్యాలు అని మీ అన్నయ్య అన్నది ఆయన సొంత కోపం. దాన్ని మతం ఖాతాలో వేయకండి.

ఇప్పుడు చిన్న మాట. "వచ్చారు." ఇక్కడ నేను నాన్నగారి వైపు లేను.

దూరం సంగతి చూడండి. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాల దూరం. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అదే వేగంతో అంత దూరం వెళ్ళాలంటే సుమారు 75,000 ఏళ్ళు. రాలేరని నేననను. మనకు చేతకానిది ఇంకొకరికి చేతకావచ్చు. కానీ అంత దారి నడిచొచ్చినవాళ్ళు ప్రతిసారీ మసక ఫొటోలోనే ఎందుకు చిక్కుతారు?

"ఎగిరే పళ్ళెం" పుట్టుక కూడా వినదగ్గది. 1947 జూన్ 24న కెనెత్ ఆర్నాల్డ్ అనే ఆయన అమెరికాలో రెయినియర్ పర్వతం దగ్గర విమానం నడుపుతూ, మెరుస్తూ పోతున్న తొమ్మిది వస్తువుల్ని చూశానన్నాడు. నీళ్ళ మీద సాసర్ విసిరితే గెంతుకుంటూ పోయినట్టు పోయాయన్నాడు. చెరువులో పెంకు విసిరి కప్పగంతులు వేయించినవాళ్ళందరికీ ఆ కదలిక తెలుసు. తాను పోల్చింది నడకనేగానీ ఆకారాన్ని కాదని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. పత్రికలు మాత్రం "ఎగిరే సాసర్లు" అని అచ్చేశాయి. ఇక అక్కడి నుంచి జనానికి ఆకాశంలో కనిపించినవి సాసర్లే. కన్ను చూస్తుంది, ఏం చూసిందో ఊరు చెబుతుంది.

ఇది ఏలియన్ల దగ్గర మొదలైన జబ్బు కాదు. 1561 ఏప్రిల్ 14న జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో తెల్లవారుజామున సూర్యుడి దగ్గర గోళాలు, శిలువలు, గొట్టాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవడం జనం చూశారట. హన్స్ గ్లేజర్ అనే ఆయన ఆ దృశ్యాన్ని చెక్క అచ్చుతో బొమ్మ వేసి, కింద కథనం రాసి, ఇది దేవుడి హెచ్చరిక, పశ్చాత్తాపపడండి అని ముగించాడు. ఇవాళ అదే బొమ్మను పట్టుకుని అంతరిక్ష నౌకల యుద్ధం అంటున్నారు. మంచు స్ఫటికాల మీద ఎండ పడి సూర్యుడి చుట్టూ ఏర్పడే వలయాలూ వెలుగు మచ్చలూ అయి ఉండవచ్చని చాలామంది అభిప్రాయం. చంద్రుడి చుట్టూ అలాంటి వలయం కడితే మనవాళ్ళు వరదగుడి అంటారు. గుడి కట్టిందని కూడా అంటారు. అదీ మన కన్నే. ఒకే ఆకాశం, 1561లో మీ అన్నయ్య చూసుంటే దేవుడు, ఇప్పుడు నాన్నగారు చూస్తే నౌక. ఈ ఒక్క చోట మీ "రెండూ ఒకటే"కి నా ఓటు.

లెక్కల మాటకొస్తే, అమెరికా వైమానిక దళం "ప్రాజెక్ట్ బ్లూ బుక్" పేరుతో 1952 నుంచి 1969 దాకా, జనం ఆకాశంలో చూశామన్నవాటిని ఆరా తీసే పనే చేసింది. 1947 నుంచి వచ్చినవి కూడా కలిపి మొత్తం 12,618 కేసులు. వాటిలో 701 చివరికీ తేలలేదు. మీ నాన్నగారు చేరిన బృందం ఆ 701ని నెత్తిన పెట్టుకుని ఉంటుంది. తేలలేదు అంటే ఏలియన్లని తేలినట్టు కాదు. ఇంట్లో తాళంచెవి కనపడలేదనుకోండి, కనపడలేదు అంటాం, దొంగ ఎత్తుకెళ్ళాడని కేసు పెట్టం. 2024 మార్చిలో అమెరికా రక్షణ శాఖలో ఈ పనికే పెట్టిన కార్యాలయం పాత రికార్డులన్నీ తిరగేసి, భూమికి బయటి సాంకేతికత అనడానికి ఆధారమేదీ దొరకలేదని నివేదిక ఇచ్చింది. "దాస్తున్నవాళ్ళని అడిగితే లేదనే చెబుతారుగా" అంటారు నాన్నగారు. అంటారని తెలుసు. ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆధారం దొరికితే వచ్చినట్టు, దొరక్కపోతే దాచినట్టు. అప్పుడిక అది తేల్చదగిన మాటగా మిగలదు. తప్పని ఎప్పటికీ తేలని చోటికి వెళ్ళి కూర్చుంటుంది. అంటే ఆయన వదిలేశానంటున్న గడపలోకే ఇంకో తలుపు నుంచి వచ్చారన్నమాట. పైగా ఆ గడపలో ఉండే మంచి సరుకు లేకుండా వచ్చారు. పోయినవాళ్ళ కోసం అనడానికి ఒక మాట లేదు, ఏడిస్తే పక్కన కూర్చునే మనిషి లేడు.

పాత గ్రంథాల్లో దేవుళ్ళు ఏలియన్లేనన్న మాట గురించి ఎక్కువ చెప్పను, నాకు దాని మీద ఓపిక తక్కువ. పురాతన విమానశాస్త్రమని చెప్పే వైమానిక శాస్త్రాన్ని 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు పరీక్షించారు. ఆ రచన ఇరవయ్యో శతాబ్దం మొదట్లోది, అందులో గీసిన విమానాలు ఎగరవు అని తేల్చారు. ఈ సిద్ధాంతంతో నాకున్న పేచీ ఇంకోటి. దాని ప్రకారం దేవుడు దేవుడు కాదు, ఆ గుళ్ళూ పిరమిడ్లూ కట్టిన మనిషీ మనిషి కాదు, ఎవరో వచ్చి నేర్పిపోయారు. భక్తుడికీ నష్టమే, తాపీమేస్త్రికీ నష్టమే.

డబ్బు దగ్గరికి వద్దాం. మీరు రెండు మాటల్లో రాసి వదిలేశారు గానీ, అసలు ఉత్తరం అక్కడుంది.

1954లో చికాగో దగ్గర డొరతీ మార్టిన్ అనే గృహిణి తనకు వేరే గ్రహం నుంచి సందేశాలు వస్తున్నాయంది. డిసెంబరు 21న జలప్రళయం వస్తుంది, నమ్మినవాళ్ళని ముందు రోజు అర్ధరాత్రి నౌక వచ్చి తీసుకెళుతుంది అంది. కొందరు అన్నీ వదులుకుని వచ్చి ఆమె ఇంట్లో కూర్చున్నారు. పన్నెండు కొట్టింది, ఎవరూ రాలేదు. తెల్లవారుజామున ఇంకో సందేశం వచ్చింది: మీరంతా ఇంత నిష్ఠగా కూర్చున్నారు కాబట్టి లోకం బతికిపోయింది అని. ఆ బృందంలో నమ్మినవాళ్ళలా నటిస్తూ చేరి గమనించిన పరిశోధకుల పద్ధతి మీద తర్వాత గట్టి విమర్శలే వచ్చాయి. నాకు మాత్రం ఆ గది కళ్ళకు కడుతుంది. గడియారం వైపు చూస్తూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. 1997 మార్చిలో కాలిఫోర్నియాలో ఇంకో బృందానిది అంతకంటే ఘోరం. హేల్-బాప్ తోకచుక్క వెంట నౌక వస్తోందని నమ్ముకుని, నాయకుడితో కలిపి 39 మంది ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. నమ్ముకున్నవాళ్ళు.

నాన్నగారు అక్కడిదాకా వెళతారని భయపెట్టడం లేదు. కానీ ఆ బృందం గురించి కొన్ని సంగతులు తెలుసుకోండి. కట్టే డబ్బు పెరుగుతోందా. ఫలానా తేదీన ఏదో జరుగుతుందని చెబుతున్నారా. ఇంట్లోవాళ్ళకు చెప్పొద్దంటున్నారా. ప్రశ్న అడిగినవాణ్ణి బయటికి నెడుతున్నారా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, ఏలియన్లు ఉన్నారా లేరా అన్న చర్చ ఆపేసి డబ్బు గురించే మాట్లాడండి. ఇదే తూకం మీ అన్నయ్య వెళ్ళే చోటికీ పెట్టండి, ఆయన్ని ఉడికించడానికి కాదు, నిజంగానే. పేరు దేవుడిదైనా నక్షత్రానిదైనా జేబు ఒకటే. ఇంకొకటి, నాన్నగారికి నిద్ర బొత్తిగా పోయినా, వెలుగులు ప్రత్యేకంగా తనతోనే మాట్లాడుతున్నాయని అన్నా, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. పెద్ద దుఃఖం తర్వాత ఆ వయసులో అది అరుదేమీ కాదు.

ఇక ఎలా మాట్లాడాలి అన్నారు. ముందు మాట్లాడకండి. మేడెక్కండి. రెండు మూడు రాత్రులు ఊరికే పక్కన కూర్చోండి. దీపాల దండ ఏమిటో నాకు ఇక్కడి నుంచే దాదాపు తెలుసు. 2019 మే నెలలో ఒకే రాకెట్టుతో 60 స్టార్‌లింక్ అనే ఇంటర్నెట్ ఉపగ్రహాల్ని పంపడం మొదలుపెట్టారు. వదిలిన కొత్తలో అవి వరసగా, సరిగ్గా దండ గుచ్చినట్టే పోతాయి. వాటికి సొంత వెలుగు లేదు. మనకు పొద్దు గూకినా అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది, ఆ ఎండకు మెరుస్తాయి. పోతూ పోతూ భూమి నీడలోకి దిగగానే ఆరిపోతాయి. "ఒకదాని వెనక ఒకటి ఆరిపోయాయి" అని ఆయన రాసింది అక్షరాలా సరిగ్గా చూసి రాసిందే. ఇక గంటన్నర కదలకుండా ఉండి పడమటికి దిగిపోయింది శుక్రుడు కావచ్చు. తెల్లవారుజామున తూర్పున పొడిస్తే మనం వేగుచుక్క అనేది ఆయన్నే. మిగిలిన అయిదు వరసల్లో మూడు విమానాల్లా ఉన్నాయి. రెండు నాకు అంతు చిక్కలేదు.

ఇదంతా మొదటి రాత్రే విప్పకండి. "నాన్నా, ఇవి ఉపగ్రహాలు" అని మీరు చెబితే మీరు గెలుస్తారు, ఆయన నోట్‌బుక్కు మూసేస్తారు. ఏ ఉపగ్రహం ఏ రాత్రి ఎన్ని గంటలకు ఏ దిక్కున కనపడుతుందో ముందే చెప్పే ఆప్‌లు ఉన్నాయి. ఒకటి ఆయన ఫోన్లోనే వేసి ఆయన చేతికే ఇవ్వండి. "రేపు 7:12కి ఏదో వస్తుందట, చూద్దామా" అనండి. వచ్చినప్పుడు ఆయనే పోల్చుకుంటారు. టైము, దిక్కు, నిమిషాలు రాసుకునే మనిషమ్మా ఆయన. ఎవరైనా సరిచూడాలని లేనివాడు గళ్ళు గీసుకోడు.

అన్నీ తేలిపోయాక ఆయన దగ్గర ఏం మిగులుతుందన్నది నాకు అసలు బెంగ. చేతిలో కర్ర లాక్కునే ముందు మీ భుజం అక్కడ ఉందో లేదో చూసుకోండి. అమ్మ గురించి మాట్లాడటానికి మేడ మంచి చోటు. చీకట్లో మొహాలు కనపడవు, ఇద్దరూ ఒకే వైపు చూస్తుంటారు. "పలకలేదు" అన్న మాట ఆయన ఇంకోసారి అంటే, దేవుడి తరఫునా మాట్లాడకండి, దేవుడికి వ్యతిరేకంగానూ మాట్లాడకండి. ఎనిమిది నెలలు పిలిచిన మనిషి మాట అది. మీరు ఊరికే వినండి.

అన్నయ్య సంగతి కూడా. ఆయన కోపం కింద భయం ఉందనిపిస్తోంది. ఇంట్లో అందరికంటే ఎక్కువ ప్రార్థించిన మనిషే మానేస్తే, తన ప్రార్థన ఏమిటన్న ప్రశ్న రాత్రిళ్ళు ఆయన్నీ అడుగుతూ ఉండొచ్చు. ఆయనకూ పోయింది అమ్మే. భోజనాల దగ్గరి మాటకు ఒక్కసారి సారీ చెప్పండి. మీ అభిప్రాయానికి కాదు, చెప్పిన తీరుకు. ఇంకొకటి మీ గురించి. మీ ఉత్తరంలో నాన్న ఎలా తట్టుకుంటున్నారో ఉంది, అన్నయ్య ఎలా తట్టుకుంటున్నాడో ఉంది. ఈ ఏడాదిన్నరలో మీరు దేని మీద ఆనుకున్నారో ఒక్క ముక్క కూడా లేదు.

రేపు రాత్రి ఏమీ కనిపించకపోవచ్చు. చాలా రాత్రులు అంతే. అప్పుడు కూడా ఒక వరస గీసి "ఏమీ లేదు" అని రాయమనండి. ఏమీ కనపడని రాత్రుల్ని కూడా రాసుకుంటేనే కనపడిన రాత్రులు ఎన్నో లెక్క తెలుస్తుంది, ఆయన ఒప్పుకుంటారు. ఆ వరసలో సాక్షుల గడిలో డిట్టో పెట్టబోతే ఆపి, మీ పేరు రాయించుకోండి.